అమెరికా అధ్యక్షుడి దినచర్య – రాజకీయ వార్తా వెబ్‌సైట్లు

అమెరికా అధ్యక్షుడు ఏ గంటకు ఎవరిని కలిశాడు, ఎక్కడికి వెళ్లాడు, ఏ కాగితం మీద సంతకం పెట్టాడు అన్న సంగతులను రోజూ నమోదు చేసి పాఠకులకు అందించే వార్తా విభాగం ఇది. పొలిటికో, యాక్సియోస్, ది హిల్ వంటి వెబ్‌సైట్లకు ఇది నిత్యకృత్యం. వాటికి సరుకు ప్రధానంగా రెండు చోట్ల నుంచి వస్తుంది. ఒకటి, వైట్‌హౌస్ పత్రికా కార్యాలయం సాధారణంగా ముందురోజు రాత్రి పంపే కార్యక్రమ పట్టిక. రెండోది, మర్నాడంతా అధ్యక్షుడి వెన్నంటి ఉండే విలేకరులు రాసి పంపే నివేదికలు. జరగబోయేదంటూ చెప్పింది మొదటి దానిలో, కళ్లారా చూసింది రెండో దానిలో ఉంటాయి. ఆ రెంటికీ పొంతన కుదరని చోటే అసలు వార్త. ఆ చోటు కోసం విలేకరులు వెబ్‌సైట్లు రాకముందు నుంచీ కాపు కాస్తున్నారు.

1893 జులై 1న అధ్యక్షుడు గ్రోవర్ క్లీవ్‌లాండ్ ‘ఒనైడా’ అనే పడవలో రహస్యంగా శస్త్రచికిత్స చేయించుకున్నాడు. నోటిలో పెరిగిన కణితిని, దానితోపాటు పై దవడలో కొంత భాగాన్ని వైద్యులు తీసేశారు. ఆయన విహారానికి వెళ్లాడనే జనం అనుకున్నారు. ఆగస్టు చివర్లో ఫిలడెల్ఫియా ప్రెస్ పత్రికలో విలేకరి ఇ.జె. ఎడ్వర్డ్స్ నిజం రాస్తే, అధ్యక్షుడి మనుషులు అదంతా కట్టుకథ అన్నారు. అబద్ధాలకోరన్న నింద ఎడ్వర్డ్స్ మీద 24 ఏళ్లు ఉండిపోయింది. ఆ శస్త్రచికిత్సలో పాల్గొన్న డాక్టర్ విలియం కీన్ 1917లో జరిగింది జరిగినట్టు రాశాకే అది తొలగింది.

క్లీవ్‌లాండ్ హయాం చివర్లోనే వాషింగ్టన్ ఈవెనింగ్ స్టార్ విలేకరి విలియం ప్రైస్ వైట్‌హౌస్ బయట నిలబడి, లోపలికి వెళ్లొచ్చే వాళ్లను ఆపి అడగడం మొదలుపెట్టాడు. తలుపు బయటే వార్త దొరుకుతుందని ఇతర పత్రికలకూ తెలిసొచ్చింది. 1902లో థియోడర్ రూజ్‌వెల్ట్ కొత్తగా కట్టించిన పశ్చిమ విభాగంలో విలేకరులకు ఓ గది దక్కింది. ఉడ్రో విల్సన్ 1913 మార్చిలో అందరినీ పిలిచి పత్రికా సమావేశం పెట్టాడు. అలాంటి సమావేశాలకు ఎవరు రావాలో కాంగ్రెస్ కమిటీ ఒకటి తేలుస్తుందన్న పుకారు లేవడంతో, 1914 ఫిబ్రవరి 25న విలేకరులే వైట్‌హౌస్ కరస్పాండెంట్స్ అసోసియేషన్ స్థాపించుకున్నారు. ప్రైసే తొలి అధ్యక్షుడు. అయినా 1919 అక్టోబరులో విల్సన్‌కు పక్షవాతం వస్తే, దాని తీవ్రత నెలల తరబడి బయటికి పొక్కలేదు. గది దొరికినంత మాత్రాన లోపలి సంగతి తెలియదు.

అధ్యక్షుడి గదిలోనూ, విమానంలోనూ అందరికీ చోటుండదు. అందుకని కొద్దిమందే వెళ్లి, చూసింది మిగతా అందరితో పంచుకునే పద్ధతి వచ్చింది. దీన్నే ‘పూల్’ అంటారు. వంతులవారీగా వెళ్లే ఆ కొద్దిమందీ లోకానికంతటికీ కళ్లు. 1963 నవంబర్ 22న డాలస్‌లో అధ్యక్షుడు కెనడీ వాహనశ్రేణిలో పూల్ కారు ఉంది, అందులో ఒకే ఒక్క ఫోను ఉంది. కాల్పులు వినగానే యునైటెడ్ ప్రెస్ ఇంటర్నేషనల్ విలేకరి మెరిమన్ స్మిత్ దాన్ని అందుకున్నాడు. వెనక సీట్లోని అసోసియేటెడ్ ప్రెస్ విలేకరి జాక్ బెల్ ఎంత పెనుగులాడినా వదల్లేదు. నిమిషాల్లోనే వార్త ప్రపంచమంతా పాకింది. మరుసటి ఏడాది స్మిత్‌కు పులిట్జర్ బహుమతి వచ్చింది. అధ్యక్షుడు ఊరికే కారులో వెళుతున్నా ఒక విలేకరి వెంట ఎందుకుండాలన్న ప్రశ్నకు ఇంతకు మించిన జవాబు లేదు.

1970లో నిక్సన్, ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్ కోసం కట్టిన ఈతకొలను మీద విలేకరుల గది ఏర్పాటు చేయించాడు. 49 కుర్చీల ఆ గది ఇప్పటికీ అక్కడే ఉంది.

ఇంటర్నెట్ వచ్చాక మారింది ముఖ్యంగా వేగం. 1994లో వైట్‌హౌస్ సొంత వెబ్‌సైట్ తెరిచింది. 1998 జనవరిలో మోనికా లెవిన్‌స్కీ వ్యవహారాన్ని మొదట బయటపెట్టింది డ్రడ్జ్ రిపోర్ట్ అనే వెబ్‌సైట్. 2007లో పుట్టిన పొలిటికో, తెల్లవారేసరికి రాజధాని సంగతులన్నీ చెప్పే ‘ప్లేబుక్’ అనే ఈమెయిల్ లేఖను అలవాటు చేసింది. 2009 ఫిబ్రవరి 9న ఒబామా తన తొలి ప్రధాన పత్రికా సమావేశంలోనే హఫింగ్టన్ పోస్ట్ విలేకరి శామ్ స్టైన్‌కు ప్రశ్న అడిగే అవకాశమిచ్చాడు. వెబ్‌సైట్ల వాళ్లు గుమ్మం దాటి లోపలికి వచ్చారనడానికి అది గుర్తు.

అంతకుముందు పూల్ నివేదికలు మర్నాటి పత్రికలోని కథనాల్లో కలిసిపోయేవి. ఇప్పుడవి గంటా నిమిషంతో సహా దాదాపు అప్పటికప్పుడే పాఠకుడి ముందుంటున్నాయి. అధ్యక్షుడి కాన్వాయ్ బయల్దేరింది, కొత్త టై కట్టుకున్నాడు, ప్రశ్నలు వినిపించుకోకుండా వెళ్లిపోయాడు – అన్నీ వార్తలే. ఇక ఆ రోజుకు అధ్యక్షుడు బయటికి రాడని పత్రికా కార్యాలయం చెప్పడాన్ని ‘లిడ్’ అంటారు. అంటే ఆ రోజు వార్తలకు మూత పెట్టేసినట్టే. ఈ చిన్నచిన్న వివరాలను చాదస్తమని తీసిపారేయలేం. సీబీఎస్ రేడియో విలేకరి మార్క్ నోలర్ అధ్యక్షుల ప్రయాణాలు, ప్రసంగాలు, సెలవు రోజులు ఏళ్ల తరబడి ఓపికగా లెక్కగట్టి రాసిపెట్టుకున్నాడు. అధికారిక లెక్కలు అందనప్పుడు తోటి విలేకరులు ఆయన్నే అడిగేవారు. బాధ కలిగించేది మరొకటి: చాలా వెబ్‌సైట్లు కార్యక్రమ పట్టికను యథాతథంగా అచ్చువేసి, అదే వార్త అనిపించేస్తున్నాయి.

ఆ పట్టిక ఎంతవరకు నిజమో రెండు ఘటనలు చెబుతాయి. 2019 ఫిబ్రవరిలో యాక్సియోస్, ట్రంప్ అంతరంగిక కార్యక్రమ పట్టికలను సంపాదించి ప్రచురించింది. దాదాపు మూడు నెలల కాలంలో సుమారు 60 శాతం సమయం ‘ఎగ్జిక్యూటివ్ టైమ్’ అన్న పేరుతో, నిర్దిష్టమైన పని ఏదీ లేకుండా ఉంది. 2023 ఫిబ్రవరిలో బైడెన్ సోమవారం సాయంత్రం వార్సాకు బయల్దేరతాడని పట్టిక చెప్పింది. ఆ సోమవారం, 20వ తేదీన, ఆయన కీవ్ వీధుల్లో జెలెన్‌స్కీతో కలిసి నడుస్తున్నాడు. వెంట వెళ్లిన విలేకరులు ఇద్దరే: వార్త రాసే ఒక విలేకరి, ఒక ఫొటోగ్రాఫర్. భద్రత కోసం అలా చేయక తప్పలేదు. అయినా ఆ ఇద్దరినీ వదిలేసి వెళ్లలేదన్నది గమనించాలి.

పూల్‌లో ఎవరుండాలో తేల్చే అధికారం 2025 వరకు దశాబ్దాలపాటు విలేకరుల సంఘానిదే. 2025 ఫిబ్రవరిలో, మెక్సికో సింధుశాఖకు ట్రంప్ పెట్టిన ‘గల్ఫ్ ఆఫ్ అమెరికా’ పేరును తన శైలిగా స్వీకరించనందుకు అసోసియేటెడ్ ప్రెస్‌ను వైట్‌హౌస్ పూల్ నుంచి తప్పించింది. అదే నెల 25న, సరిగ్గా సంఘం పుట్టిన తేదీనే, ఇకపై పూల్‌ను తామే ఎంపిక చేస్తామని ప్రెస్ సెక్రటరీ కారోలైన్ లెవిట్ ప్రకటించింది. వ్యవహారం కోర్టుకెక్కింది. ఏప్రిల్‌లో జిల్లా న్యాయమూర్తి అసోసియేటెడ్ ప్రెస్ పక్షాన ఉత్తర్వు ఇవ్వగా, జూన్‌లో అప్పీలు కోర్టు దాని అమలును చాలావరకు నిలిపివేసింది. ఎవరి పనిని గమనించాలో వాళ్లే గమనించేవాణ్ణి ఎంచుకుంటే ఆ గమనికకు విలువ తగ్గుతుంది.

తెలుగు ఇళ్లకు ఈ దినచర్య దూరపు సంగతి కాదు. 2025 సెప్టెంబర్ 19, శుక్రవారం, ట్రంప్ ఓవల్ ఆఫీసులో హెచ్-1బీ వీసాకు లక్ష డాలర్ల రుసుము విధిస్తూ సంతకం చేసేసరికి హైదరాబాద్‌లో అర్ధరాత్రి దాటింది. ఆ రుసుము ఏటా కట్టాల్సిందేనని అక్కడున్న వాణిజ్య మంత్రి హోవార్డ్ లుట్నిక్ విలేకరులతో అన్నాడు. ఆదేశం ఆదివారం నుంచే అమల్లోకి వస్తుందని ఉంది. సెలవుకు ఇంటికొచ్చిన వాళ్లు ఆ రాత్రే తిరుగు టికెట్ల కోసం వెతుక్కున్నారు. అది ఒక్కసారి కట్టేదేననీ, కొత్త వీసాలకేననీ, ఇప్పటికే వీసా ఉన్నవాళ్లకు వర్తించదనీ లెవిట్ వివరణ ఇచ్చేసరికి శనివారమైంది.