న్యాయదేవత మూర్ఛ: రావణపక్ష రచనల చరిత్ర, భక్తుని కర్తవ్యం

శ్రీమద్రామాయణంలో రావణుడు ప్రతినాయకుడు. అయినా గడచిన నూటఅరవై సంవత్సరాలలో భారతీయభాషలలో వెలువడిన అనేక రచనలు అతనిని నాయకునిగా, ప్రజారంజకుడైన ప్రభువుగా, చరిత్ర చేతిలో అన్యాయానికి గురియైన నేతగా చిత్రించాయి. వీటిలో కొన్ని శుద్ధకావ్యాలు. మరికొన్ని రాజకీయ ప్రయోజనం కోసం వ్రాసిన వ్యంగ్యరచనలు. వీటిని చదివినప్పుడు ఆస్తికహృదయం కలత చెందడం సహజం. ఆ కలత సాధారణంగా రెండు త్రోవలు పడుతుంది. కొందరు నిషేధం కోరుతారు. కొందరు చెవులు మూసుకుంటారు. వీటికంటె ప్రాచీనమైన మూడవ మార్గం ఒకటి వాల్మీకిమహర్షి మనకు చూపి ఉన్నాడు. దానిని గ్రహించాలంటే ముందుగా ఈ రచనల చరిత్రను సావధానంగా పరిశీలించాలి.

ప్రాచీనుల దృష్టి

ప్రతినాయకుని పట్ల సానుభూతి ఆధునికుల ఆవిష్కారం కాదు. విమలసూరి ప్రాకృతభాషలో రచించిన ‘పఉమచరియం’ జైనసంప్రదాయపు రామకథ. అందులో శ్రేణికమహారాజు గౌతమగణధరుని సమీపించి, లోకంలో ప్రచారంలో ఉన్న రామకథపై తన సందేహాలను విన్నవిస్తాడు. మహాబలులైన రాక్షసులను వానరులు ఎలా జయించారు? ఏనుగులు తొక్కినా లేవకుండా కుంభకర్ణుడు ఆరుమాసాలు నిద్రించడం సాధ్యమా? ఈ ప్రశ్నలలో మందహాసంతో కూడిన వ్యంగ్యం ఉన్నది. విమలసూరి రావణుడు పదితలల భయంకరాకారుడు కాడు. అతని హారంలోని మణులలో ముఖం తొమ్మిదిగా ప్రతిబింబించినందువలన దశముఖుడనే పేరు వచ్చింది. అతడు జినభక్తుడు, వ్రతశీలుడు. అయినా పరస్త్రీవ్యామోహమే అతని పతనానికి హేతువని ఆ జైనకవి నిస్సంకోచంగా చెప్పాడు. రూపం మార్చాడు, మతం మార్చాడు, దోషాన్ని మాత్రం మరుగుపరచలేదు.

భాసుని పేరిట 1912లో టి. గణపతిశాస్త్రి తిరువనంతపురం నుండి ప్రకటించిన రూపకాలలో ‘ఊరుభంగం’ ఒకటి. అందులో తొడలు విరిగి నేలపై పడి ఉన్న దుర్యోధనుడు మనకు కంటనీరు తెప్పిస్తాడు. తన కుమారుడైన దుర్జయునితో, నన్ను సేవించినట్లే పాండవులను సేవించవలసిందని చెబుతాడు. ఇక్కడ సానుభూతి పశ్చాత్తాపం ద్వారా కలుగుతున్నది. తప్పును తప్పుగా గుర్తించినవాడే మహనీయుడవుతున్నాడు.

ఆధునికయుగంలో ఈ ధోరణికి తొలి మహాకావ్యం మైకేల్ మధుసూదన్ దత్ బంగాళీభాషలో రచించిన ‘మేఘనాదవధకావ్యం’ (1861). ఈ కవి 1848 నుండి 1856 వరకు మద్రాసు నగరంలో జీవించాడు. అతని రావణుడు పుత్రశోకార్తుడైన తండ్రి, స్వదేశరక్షకుడైన రాజు. పాఠకుని హృదయం లంక వైపు మొగ్గుతుంది. అంతటి పక్షపాతం గల కవి కూడా ప్రథమసర్గలోనే రావణుని భార్య చిత్రాంగదను సభకు తీసుకొని వచ్చాడు. కుమారుడైన వీరబాహువును కోల్పోయిన ఆ తల్లి, ఈ వినాశం నీ స్వయంకృతమేనని భర్తను సభామధ్యంలో నిలదీస్తుంది. ప్రతినాయకుని ప్రేమించిన కవి సైతం అతనిని ప్రశ్నించే స్త్రీకి సభలో స్థానమిచ్చాడన్నది మనం గుర్తుంచుకోవలసిన విషయం.

రాజకీయవేదికపై రావణుడు

20వ శతాబ్దంలో పరిస్థితి మారింది. రావణుడు కావ్యం నుండి రాజకీయవేదిక మీదికి వచ్చాడు. ద్రవిడభాషల తులనాత్మకవ్యాకరణం 1856లో వెలువడిన తరువాత ఆర్య, ద్రావిడ పదాలు భాషాశాస్త్రపు హద్దులు దాటి జాతివాచకాలుగా రూపొందాయి. రామాయణాన్ని ఉత్తరాది ఆర్యులు దక్షిణాది ద్రావిడులపై సాగించిన దండయాత్రగా చదివే పద్ధతి తమిళదేశంలో బలపడింది. ఎం.ఎస్. పూర్ణలింగం పిళ్లై 1928లో రావణుని మహాపురుషునిగా కీర్తిస్తూ ఆంగ్లంలో గ్రంథం వెలువరించాడు. పెరియార్ ఇ.వి. రామసామి రామాయణపాత్రలను తీవ్రంగా విమర్శించాడు. మన తెలుగునాట తెనాలిలో నివసించిన కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి ‘సూతపురాణం’, ‘శంబూకవధ’ రచనలలో పురాణాలను హేతువాదదృష్టితో అధిక్షేపించాడు. వీరిని కేవలం నాస్తికులని త్రోసిపుచ్చడం సులభం. కాని వీరి ఆగ్రహానికి మూలం కులవ్యవస్థలోని అవమానం. దేవాలయప్రవేశం లేనివాడు, విద్యకు దూరమైనవాడు తన వేదనను చెప్పుకోవడానికి పురాణంలో ఓడినవాని పక్షం వహించాడు. ఈ సత్యాన్ని అంగీకరించకుండా వారికి సమాధానం చెప్పబూనడం అధర్మమే అవుతుంది.

1943లో మద్రాసు న్యాయకళాశాలలో ఒక ప్రసిద్ధవాదం జరిగింది. కంబరామాయణాన్ని, పెరియపురాణాన్ని దహనం చేయాలన్నది పూర్వపక్షం. దానిని వినిపించినవాడు సి.ఎన్. అణ్ణాదురై. ఉత్తరపక్షం వహించినవాడు తమిళపండితుడు ఆర్.పి. సేతుపిళ్లై. అదే సంవత్సరం సేలంలో సోమసుందర భారతితో అణ్ణాదురై మరల వాదించాడు. ఈ వాదాలు ‘తీ పరవట్టుం’, అంటే ‘నిప్పు వ్యాపించుగాక’ అన్న పేరుతో పుస్తకరూపం పొందాయి.

1946లో పులవర్ కుళందై ‘రావణకావియం’ వెలువడింది. మూడువేలకు పైగా పద్యాలున్న ఈ కావ్యంలో రావణుడు ఆదర్శప్రభువైన తమిళరాజు. మరుసటి సంవత్సరం అణ్ణాదురై రచించిన ‘నీతిదేవన్ మయక్కం’ అన్న నాటకం వెలువడింది. తమిళంలో నీతి అంటే న్యాయం; మయక్కం అంటే మూర్ఛ. ఈ నాటకంలో దేవలోకపు న్యాయస్థానం పాత తీర్పులను పునఃపరిశీలిస్తుంది. రావణుడు కరుణారహితుడని కంబకవి చేసిన నిందపై విచారణ జరుగుతుంది. రావణుడు తన వాదాన్ని తానే వినిపిస్తాడు. రాజధర్మం, కర్తవ్యం అడ్డువచ్చినప్పుడు కరుణ చూపలేకపోవడం నేరమైతే, అదే నేరం చేసిన మహనీయులెందరో లేరా అని ప్రశ్నిస్తాడు. పురాణాలలో కారుణ్యం కనిపించని ఘట్టాలను ఒక్కొక్కటిగా ఎత్తి చూపుతాడు. చివరకు ఉత్తరం తోచక న్యాయదేవత మూర్ఛపోతాడు.

ఈ నాటకం వ్యంగ్యంలోని పదును నిజమైనదే. విజేతకు ఒక న్యాయం, పరాజితునికి ఒక న్యాయమా అన్న ప్రశ్న ఏ కాలంలోనైనా ధర్మజిజ్ఞాసువు ఎదుర్కోవలసిన ప్రశ్న. అయితే ఆ ప్రశ్న విని న్యాయదేవత మూర్ఛపోవలసిన అవసరమున్నదా?

వాల్మీకి సభలో విచారణ

వాల్మీకిమహర్షి న్యాయస్థానంలో ఎవరూ మూర్ఛపోలేదు. కిష్కింధాకాండ 17వ సర్గలో బాణహతుడైన వాలి శ్రీరాముని ముఖాముఖి నిందిస్తాడు. నీకు నేనేమి అపకారం చేశాను? మరొకరితో పోరాడుతున్న నన్ను చాటు నుండి ఎందుకు కొట్టావు? సీత కోసమే అయితే నన్నడిగి ఉంటే రావణుని బంధించి తెచ్చి ఇచ్చేవాడిని కదా! ఇంతకంటె కఠినంగా ఏ రాజకీయవ్యంగ్యకారుడు ప్రశ్నించగలడు? ఆదికవి ఆ ప్రశ్నలను కుదించలేదు. పూర్తిగా వినిపించి, 18వ సర్గలో రాముని సమాధానాన్ని నిలిపాడు. ఆ సమాధానంపై వ్యాఖ్యాతలు నేటికీ చర్చిస్తూనే ఉన్నారు. ఆ చర్చ వలన రామభక్తి తరుగలేదు.

రావణుని విషయంలోనూ మహర్షి ఇదే నిష్పక్షపాతం చూపాడు. సుందరకాండ 49వ సర్గలో బంధితుడైన హనుమంతుడు రావణుని చూచి ఆ రూపానికి, ధైర్యానికి, తేజస్సుకు ఆశ్చర్యపోతాడు. అధర్మమే లేకుంటే ఇతడు దేవలోకానికి సైతం రక్షకుడై ఉండేవాడని తలపోస్తాడు. శత్రువు గుణాలను ఇంత ఉదారంగా అంగీకరించిన కావ్యానికి, రావణునిలోనూ సద్గుణాలున్నాయి అన్న మాట క్రొత్త కాదు. రావణుడు పులస్త్యుని మనుమడు, విశ్రవసుని పుత్రుడు అని వాల్మీకియే చెప్పాడు. అతనిని దక్షిణాదివాడైనందుకు శిక్షింపబడినవానిగా చూపాలంటే ఈ వంశచరిత్రను ప్రక్కకు నెట్టవలసి వస్తుంది.

మరి అతని దోషమేమిటి? మొదటిది రాజదోషం. అరణ్యకాండ 33వ సర్గలో స్వయంగా శూర్పణఖ అతనిని మందలిస్తుంది. భోగాసక్తుడై, చారులను విస్మరించి, రాజ్యానికి ముంచుకొస్తున్న ప్రమాదాన్ని గుర్తించని రాజు నశిస్తాడని హెచ్చరిస్తుంది. 37వ సర్గలో మారీచుడు, ప్రియం పలికేవారు సులభంగా దొరుకుతారు గాని అప్రియమైనా హితం చెప్పేవారు, దానిని వినేవారు దుర్లభులని బోధిస్తాడు. విభీషణుడు, మాల్యవంతుడు, చివరకు కుంభకర్ణుడు కూడా హితం చెప్పినవారే. రావణుడు వినలేదు. విభీషణునికి లభించినది పరుషవాక్కు. దాని ఫలం దేశత్యాగం.

రెండవ దోషం స్త్రీల పట్ల అపచారం. రావణపక్ష రచనలలో తరచు వినిపించే వాదం ఒకటున్నది: అతడు సోదరి అవమానానికి ప్రతీకారంగా సీతను తెచ్చాడే గాని ఆమెను తాకలేదు, కనుక సభ్యుడు. దీనికి సమాధానం యుద్ధకాండ 13వ సర్గలో రావణుని నోటనే ఉన్నది. పుంజికస్థల అనే అప్సరసను బలాత్కరించినందుకు బ్రహ్మ తనను శపించాడనీ, ఇక ఏ స్త్రీనైనా బలవంతపెడితే శిరస్సు శతధా పగులుతుందనీ, అందుకే సీత విషయంలో ఆగుతున్నాననీ అతడే మహాపార్శ్వునితో చెబుతాడు. ఉత్తరకాండలో వేదవతి, రంభ వృత్తాంతాలున్నాయి. సుందరకాండ 22వ సర్గలో సీతకు రెండు మాసాల గడువు విధించి, లొంగకుంటే ప్రాతర్భోజనంగా వండిస్తానని బెదిరించినవాడు కూడా అతడే. శూర్పణఖకు జరిగిన దానిని అడిగే హక్కు వ్యంగ్యకారునికి ఉన్నది. అయితే ఆ సభకే పుంజికస్థలను, వేదవతిని, రంభను కూడా పిలవాలి. మధుసూదన్ దత్ చిత్రాంగదకు ఇచ్చిన స్థానాన్ని రాజకీయరచనలు ఈ స్త్రీలకు ఇవ్వలేదు. వారు నోరు విప్పితే నేతగా నిలిపిన ప్రతిమ బీటలు వారుతుంది.

నిషేధం, ఉత్తరం

‘రావణకావియం’ను మద్రాసు ప్రభుత్వం 1948లో నిషేధించింది. 1971లో ఆ నిషేధం తొలగింది. పెరియార్ రామాయణవిమర్శకు హిందీ అనువాదమైన ‘సచ్చీ రామాయణ్’ను ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1969లో జప్తు చేసింది. ప్రచురణకర్త లలై సింగ్ యాదవ్ అలహాబాదు ఉన్నతన్యాయస్థానాన్ని ఆశ్రయించగా 1971లో ఆ ఉత్తర్వు రద్దయింది. ప్రభుత్వం చేసిన అప్పీలును 1976లో సర్వోన్నతన్యాయస్థానం త్రోసిపుచ్చింది. జప్తుకు కారణాలను ఉత్తర్వులో వివరించి తీరాలన్నది ఆ తీర్పుకు ఆధారం. నిషేధాల వలన ఆ గ్రంథాలు నశించలేదు. పైగా వాటికి పీడితగ్రంథాలన్న గౌరవం లభించింది. కావ్యాన్ని కాల్చాలన్నవారు, విమర్శను నిషేధించినవారు ఒకే భయానికి లోబడ్డారు. ఎదుటివాని వాక్కును వాక్కుతో జయించలేమన్న భయమది.

ఆ భయం లేనివారూ ఉన్నారు. సేతుపిళ్లై, సోమసుందర భారతి సభకు వచ్చి వాదించారు. సా. గణేశన్ 1939లో కారైకుడిలో స్థాపించిన కంబన్ కళగం కావ్యపఠనోత్సవాల ద్వారా కంబరామాయణాన్ని ప్రజల నాలుకలపై నిలిపింది. రాజాజీ రామకథను సరళమైన తమిళవచనంలో చెప్పగా ఆ ‘చక్రవర్తి తిరుమగన్’కు 1958లో సాహిత్య అకాడమీ పురస్కారం లభించింది. తెలుగులో విశ్వనాథవారి ‘రామాయణ కల్పవృక్షం’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ రెండూ పాఠకులకు అందుబాటులో ఉన్నాయి. కల్పవృక్షానికి విషవృక్షం వలన నీడ తగ్గలేదు.

కాలం మరొక పాఠం కూడా నేర్పింది. రావణునికి న్యాయవాదిగా నిలిచిన అణ్ణాదురై 1967లో ముఖ్యమంత్రి అయ్యాడు. ఆ ఎన్నికలలో ఆయన పక్షానికి మిత్రునిగా నిలిచినవాడు రామకథ చెప్పిన రాజాజీయే. ప్రశ్నించే స్థానం నుండి పాలించే స్థానానికి చేరిన ప్రతివాని ముందూ మారీచుని మాట నిలుస్తుంది. రామనామం పలుకుతూ పాలించేవానికీ, రావణుని కీర్తిస్తూ పాలించేవానికీ ఆ మాట సమానమే. విభీషణుని వెళ్లగొట్టిన ప్రతి సభా లంకాసభయే. అందులో ఏ దేవుని పటం వ్రేలాడుతున్నదన్నది అప్రస్తుతం.

సాధకునికి

రావణుడు నేలకూలిన తరువాత, అగ్రజుడైనా అధర్మపరుడైన అతనికి సంస్కారం చేయడానికి విభీషణుడు సందేహించాడు. వైరం మరణంతో ముగిసిందనీ, ఇతడు నీకెంతో నాకూ అంతేననీ శ్రీరాముడు చెప్పాడు. రావణునికి శాస్త్రోక్తంగా అంత్యక్రియలు జరిపించినవాడు రాముడే. శత్రువుకు అంతటి గౌరవమిచ్చిన ప్రభువును ఆరాధించేవారు ఒక నాటకానికి, ఒక పుస్తకానికి కలత చెంది ద్వేషానికి లోనైతే, ఆ ఉపాసన ఇంకా పండలేదన్నమాట.

అందువలన రావణపక్ష రచన మన చేతికి వచ్చినప్పుడు దానిని చదువుదాం. అందులోని వేదన నిజమైతే, దానికి కారణమైన అన్యాయాన్ని మన ఇంటిలో, మన దేవాలయంలో సరిదిద్దుదాం. అందులోని వాదం దోషయుక్తమైతే మూలశ్లోకాలు తెరచి శాంతంగా ఉత్తరం చెబుదాం. ఉత్తరం తెలియకపోతే తెలిసినవరకు రామాయణాన్ని మరల పారాయణ చేద్దాం. వాలి ప్రశ్నించగా రాముడు నిలిచి విన్నాడు. ఆ వినడం కూడా రామధర్మమే.

స్వస్తి.