కందికి కలిగిన రెండు శత్రువులు

నారాయణఖేడు ప్రాంతపు నల్లరేగడులయందు తొలకరికి జొన్నసాళ్ల నడుమ కందిని విత్తి, జొన్న కోసికొనిన పిమ్మటను శీతకాలము నడిమివఱకు కందిని చేలో నిలుపుకొనుట తరతరాల ఆచారము. గోధుమ పండించు ఉత్తరదేశమునకు కుంకుమ తెగులెట్టిదో, ఈ మెతుకుసీమ కందికి ఎండు తెగులట్టిది. కాయ దిగు తరుణమున, నిన్నటివఱకు పచ్చగా నున్న మొక్క నిలువున వాడిపోవును. కాండమును చీల్చి చూచినచో లోపల నల్లని చారలు కానవచ్చును. మన్నులోను మోళ్లలోను ఏండ్ల తరబడి దాగియుండు శిలీంధ్రము దీనికి మూలమని 1910లో పూసానుండి బట్లరు అను శాస్త్రజ్ఞుడు విపులముగా వ్రాసెను. రెండవ శత్రువు వెర్రి తెగులు. కంటికానని నల్లి దానిని మోయును. అది సోకిన చేను పచ్చగనే యుండును గాని పూయదు. ఎండిన చేనికన్న పూయని చేను రైతునకు క్రూరతరమని నా తలంపు.

1972లో నాటి మెదకు జిల్లాయందే, పటాన్‌చెరువున ఇక్రిశాట్ అను పంటల పరిశోధనసంస్థ వెలసినది. అచ్చటి శాస్త్రజ్ఞులు తెగులును పారద్రోలుటకు మాఱుగా ముందు దానిని పోషించిరి: ఎండిన మొక్కల మోళ్లను ఏటేట అదే మడిలో కలిపి, వేలకొలది రకములనందు విత్తి, బ్రదికిన వానిని మాత్రమే ఏఱిరి. వెర్రి తెగులుకై రోగపుటాకును లేతమొక్క యాకునకు పిన్నుతో కుట్టి, నల్లులు తామే ప్రాకిపోవునట్లు చేసిరి. ఈ సులభోపాయమును నెనె, రెడ్డి అను శాస్త్రజ్ఞులు 1976లో ప్రకటించిరి.

మహారాష్ట్రపు నాటురకమునుండి ఏఱిన మారుతి అను కందిరకము 1986లో కర్ణాటకమున విడుదలయై, ఖేడునకు పొరుగైన బీదరు సీమయందును వ్యాపించెను. అది ఎండు తెగులును గెలిచినది గాని వెర్రి తెగులునకు లొంగినది. ఇంతియ కాక, రోగమునకు లొంగని మొక్కయైనను గింజ సన్నమైనను, పంట ఆలస్యమైనను, దిగుబడి తఱిగినను ఏ రైతును దానిని చేరనీయడు. ఆ పరీక్షలన్నిటికి నిలిచినది 1993లో విడుదలైన ఆశ అను రకము. రెండు తెగుళ్లను తాళి, సుమారు ఆఱు నెలలకు లావైన గోధుమవన్నె గింజనిచ్చునది. 2012లో ప్రకటితమైన కంది జన్యుపటమునకును ఆశయే ఆధారమయ్యెను.

అయితే కందిపూవున తేనెటీగ వాలును. పొరుగు చేని పుప్పొడి చేరి, రైతు దాచుకొనిన విత్తనమున ఆ నిరోధశక్తి క్రమక్రమముగ పలుచనగును. కావుననే కొన్ని యేండ్లకొకమారు శుద్ధవిత్తనమును మరల తెచ్చుకొనవలసి యున్నది.