కండ్లకలక వైద్యం: అంజనం నుంచి చుక్కల మందు దాకా

జలుబుకు మందు వేసుకుంటే వారం రోజుల్లో, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుందని ఒక చమత్కారం ఉంది. కండ్లకలకకూ ఈ మాట చాలావరకు వర్తిస్తుంది. కంటి తెల్లగుడ్డును, రెప్పల లోపలి వైపును కప్పి ఉండే పలుచని పొర వాచి ఎర్రబడటమే కండ్లకలక. కారణం వైరస్ కావచ్చు, బాక్టీరియా కావచ్చు, పుప్పొడి వంటివాటి ఎలర్జీ కావచ్చు. పెద్దవారికి వచ్చే అంటు కండ్లకలకలో ఎక్కువ భాగం వైరస్ వల్లనే. వైరస్ మీద యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా ఎర్రటి కంటితో వైద్యుడి దగ్గరకు వెళ్ళినవారిలో చాలామంది చుక్కల మందు చీటీతోనే తిరిగివస్తారు. ఈ అలవాటు వెనుక సుదీర్ఘమైన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో నిజంగా చూపును కాపాడిన మందులూ ఉన్నాయి, తనంతట తాను తగ్గిన జబ్బు వల్ల పేరు తెచ్చుకున్న మందులూ ఉన్నాయి.

ప్రాచీన వైద్యం

ఈజిప్టులో క్రీ.పూ. 1550 ప్రాంతానిదిగా భావించే ఎబర్స్ పపైరస్‌లో కంటిజబ్బులకు ఎన్నో మందులు చెప్పారు. వాటిలో రాగి ఖనిజాలు, సుర్మా, తేనె కనిపిస్తాయి. రాగికి సూక్ష్మజీవులను చంపే గుణం ఉందని ఆ వైద్యులకు తెలిసే అవకాశం లేదు. అనుభవం మాత్రం వారిని అటు నడిపించింది.

సుశ్రుతసంహితలోని ఉత్తరతంత్రం 76 నేత్రరోగాలను లెక్కించింది. కండ్లకలకకు దగ్గరగా ఉండే అభిష్యందాన్ని వాత, పిత్త, కఫ, రక్త భేదాలతో నాలుగు రకాలుగా విభజించి, దాదాపు అన్ని నేత్రరోగాలకూ అదే మూలమన్నది. చికిత్సలుగా సేకం, ఆశ్చ్యోతనం, అంజనం మొదలైన ప్రక్రియలను వివరించింది. ఆశ్చ్యోతనమంటే కంట్లో చుక్కలు వేయడమే. అంతకన్నా ముఖ్యమైన మాట నిదానస్థానంలో ఉంది: ఒకరినొకరు తాకడం, కలిసి తినడం, ఒకే పడకను, బట్టలను, పూలదండలను పంచుకోవడం వల్ల ఒకరినుంచి మరొకరికి సంక్రమించే రోగాల జాబితాలో కుష్ఠు, జ్వరాలతో పాటు నేత్రాభిష్యందం కూడా చేరింది.

తెలుగు ఇళ్ళలో నందివర్ధనం పూలు కళ్ళమీద పెట్టుకోవడం, పసిపిల్లల కళ్ళలో చనుబాలు పిండటం మొన్నమొన్నటిదాకా ఉన్న అలవాట్లు. వారంలో తగ్గిపోయే జబ్బుకు వీటిలో ఏది వాడినా పనిచేసినట్టే కనిపిస్తుంది. కండ్లకలక వైద్యంలో ఇదే మొదటి చిక్కు.

సైన్యాలతో వచ్చిన ఉపద్రవం

కండ్లకలక ఎప్పుడూ తేలికపాటి జబ్బేమీ కాదు. 1798లో నెపోలియన్ సైన్యం, 1801లో దానిని ఎదుర్కొన్న బ్రిటిష్ సైన్యం ఈజిప్టులో చీముతో కూడిన తీవ్రమైన కండ్లకలక బారిన పడ్డాయి. తిరిగివెళ్ళిన సైనికులతో అది యూరప్‌కు చేరింది. బ్రిటిష్ 52వ రెజిమెంటులో ఏడువందల పైచిలుకు సైనికులుంటే, 1805 ఆగస్టు నుంచి ఏడాదిలో 636 కేసులు నమోదయ్యాయని సైనిక వైద్యుడు జాన్ వెచ్ లెక్క రాశాడు. వారిలో 50 మంది రెండు కళ్ళూ, 40 మంది ఒక కన్నూ పోగొట్టుకున్నారు. నెత్తురు తీయడం, జలగలు పట్టించడం, విరేచనాలు చేయించడం నాటి చికిత్స. జబ్బు గాలివల్ల కాక, కంటినుంచి కారే చీము తగలడం వల్లనే అంటుతుందని వెచ్ వాదించాడు. ఈ వాతావరణంలోనే 1805లో లండన్‌లో, తరువాత మూర్‌ఫీల్డ్స్‌గా పేరుపొందిన కంటి ఆసుపత్రి వెలిసింది. 1819లో మద్రాసులో కంటి ఆసుపత్రి మొదలైంది.

సైనికుల కళ్ళను తీసిన ఈ జబ్బులో గనేరియా, ట్రకోమా వంటివి కలగలిసి ఉన్నాయని నేటి అవగాహన. ట్రకోమా భయం అమెరికా వలస చరిత్రలోనూ ఉంది. 1897లో దానిని ప్రమాదకరమైన అంటువ్యాధిగా ప్రకటించాక, ఎల్లిస్ ద్వీపంలో వైద్యులు వచ్చినవారి కంటిరెప్పలను వేళ్ళతోనో, బూట్ల బొత్తాలు పెట్టే కొక్కెంతోనో తిరగేసి చూసేవారు. జబ్బు కనిపిస్తే సాధారణంగా వెనక్కి పంపించేవారు. చికిత్సేమో మైలుతుత్తం పుల్లతో రెప్పల లోపలి వైపు రుద్దడం.

పురిటిబిడ్డలకు దక్కిన చూపు

పందొమ్మిదో శతాబ్దపు యూరప్‌లో పిల్లల అంధత్వానికి ముఖ్యకారణాలలో ఒకటి, ప్రసవ సమయంలో తల్లినుంచి అంటే గనేరియా కండ్లకలక. ఆల్బర్ట్ నైసర్ 1879లో ఆ బాక్టీరియాను గుర్తించాడు. మరుసటి ఏడాది లైప్‌జిగ్‌లో కార్ల్ క్రెడే పుట్టిన ప్రతి బిడ్డ కంట్లోనూ 2 శాతం సిల్వర్ నైట్రేట్ చుక్క వేయించడం మొదలుపెట్టాడు. అతని ప్రసూతి ఆసుపత్రిలో నూటికి పదిమందికి పైగా బిడ్డలకు వచ్చే ఈ జబ్బు కొద్ది ఏళ్ళలోనే ఒక శాతానికన్నా బాగా తగ్గిపోయింది. ఒక చుక్కతో ఇంత మేలు జరిగిన సందర్భాలు వైద్యచరిత్రలో తక్కువ.

అమెరికాలో బిడ్డను కన్న తెలుగు తల్లిదండ్రులకు, పుట్టిన వెంటనే బిడ్డ కళ్ళకు ఎరిత్రోమైసిన్ పూయడం తెలిసినదే. అది క్రెడే వేసిన చుక్కకు వారసురాలు. చాలా అమెరికన్ రాష్ట్రాలలో అది చట్టబద్ధమైన నియమం. బ్రిటన్ ఈ పద్ధతిని వదిలేసింది. గర్భిణులకు పరీక్షచేసి చికిత్స చేయడమే మెరుగని 2015లో కెనడా పిల్లల వైద్యుల సంఘం సూచించింది. విజయవంతమైన మందుకు కూడా కాలం చెల్లే సందర్భం వస్తుందన్న మాట.

యాంటీబయాటిక్ యుగం

1938లో అమెరికా ఆదివాసులలో ట్రకోమాకు సల్ఫనిలమైడ్ పనిచేస్తుందని ఫ్రెడ్ లో ప్రకటించడంతో మైలుతుత్తం వెనకబడింది. పదేళ్ళ తరువాత, 1948లో, ఆరియోమైసిన్ వచ్చింది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటిదైన ఈ మందును బెంజమిన్ డగ్గర్ కనుగొన్నది లెడర్లీ సంస్థలో. అక్కడి పరిశోధనలకు నాయకత్వం వహించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆయన మరణించింది కూడా ఆ ఏడాదే. 1950లలో మొరాకో వంటి దేశాల ట్రకోమా ఉద్యమాలలో లక్షలాది కళ్ళకు పూసినది ఆరియోమైసినే. భారతదేశంలో ట్రకోమా ప్రజారోగ్య సమస్యగా లేకుండా పోయిందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో ధ్రువీకరించింది.

క్లోరాంఫెనికాల్ కథ వేరు. 1947లో బయటపడిన ఈ మందుకు ఎముకమజ్జను దెబ్బతీసే అరుదైన దుష్ఫలితం ఉంది. ఆ భయంతో అమెరికా వైద్యులు దాని చుక్కలను దాదాపు వదిలేశారు. బ్రిటన్‌లో అది ఇప్పటికీ మొదటి మందు. 2005 నుంచి చీటీ లేకుండానే మందుల షాపులో దొరుకుతోంది. భారతదేశంలో సిప్రోఫ్లాక్సాసిన్, మాక్సిఫ్లాక్సాసిన్ చుక్కలు ఎక్కువ. అదే కన్ను, అదే జబ్బు. సముద్రం దాటితే చీటీ మారిపోతుంది. దీనికి కారణం సూక్ష్మజీవిలోని తేడా కాదు, ఆయా దేశాల వైద్యుల అలవాటు.

మద్రాస్ ఐ, జై బంగ్లా

ఇంతలో అసలు నిందితులు నెమ్మదిగా బయటపడ్డారు. మద్రాసు కంటి ఆసుపత్రి వైద్యుడు కిర్క్‌పాట్రిక్ 1920లో ఆ నగరంలో కనుపాపపై మచ్చలు మిగిల్చిన ఒక మహమ్మారిని వర్ణించాడు. మద్రాస్ ఐ వైరస్‌ను 1918లో ఎగ్మూరులో కనుగొన్నారని తరచుగా చెబుతారు గాని, అది పొరబాటు. అడినోవైరస్‌ను మొదటిసారి వేరుచేసింది 1953లో. రెండో ప్రపంచయుద్ధకాలంలో అమెరికా ఓడల కర్మాగారాలలో వ్యాపించిన జబ్బు ఈ కుటుంబానిదేనని 1955లో జావెట్జ్ బృందం తేల్చింది. 1969లో ఘనాలో మరో వైరస్ కంట్లో రక్తం చిమ్మే కండ్లకలకను తెచ్చింది. చంద్రుడిమీద మనిషి కాలుమోపిన రోజులు కావడంతో జనం దానిని అపోలో జబ్బు అన్నారు. 1971లో అది కలకత్తా చేరేసరికి బంగ్లాదేశ్ యుద్ధ శరణార్థుల పేరిట జై బంగ్లా అయింది. ఈ వైరస్‌లలో దేనికీ నేటికీ ఆమోదం పొందిన ప్రత్యేకమైన మందు లేదు.

చీటీ ఎందుకు రాస్తారు?

2005లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు కండ్లకలక వచ్చిన 326 మంది పిల్లలలో కొందరికి క్లోరాంఫెనికాల్, కొందరికి మందులేని చుక్కలు ఇచ్చారు. ఏడో రోజుకు మందు వాడినవారిలో 86 శాతం, వాడనివారిలో 83 శాతం కోలుకున్నారు. 2006లో 307 మందితో జరిగిన మరో బ్రిటిష్ ప్రయోగంలో, మూడు రోజులు ఆగి తగ్గకపోతేనే మందు తీసుకోమన్న బృందంలో సగం మందే దాన్ని వాడారు. వారి బాధ తగ్గడం ఆలస్యమైంది సగటున ఒక్క పూట.

అయినా అమెరికాలో 3.4 లక్షల మంది రోగుల వివరాలు పరిశీలించిన 2017 నాటి అధ్యయనంలో 58 శాతం మంది యాంటీబయాటిక్ చుక్కలు కొన్నారు. వారిలో ఐదోవంతు కొన్నది స్టెరాయిడ్ కలిసిన మందు. స్టెరాయిడ్ వల్ల ఎరుపు త్వరగా తగ్గినట్టు కనిపించినా, అడినోవైరస్ కంట్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది. హెర్పిస్ అయితే కనుపాప పుండుపడి చూపే పోవచ్చు. చీటీ రాయడం జబ్బు స్వభావాన్ని బట్టి కాక, ఏ రకం వైద్యుడు చూశాడు, రోగి ఆదాయమెంత అన్నదానిని బట్టి మారుతోందని కూడా ఆ అధ్యయనం చూపింది.

దీనికి వైద్యుడొక్కడినే తప్పుపట్టలేము. పుసిని చూసి బాక్టీరియానో వైరసో కచ్చితంగా చెప్పడం కష్టం. మందు మొదలుపెడితేగాని బిడ్డను చేర్చుకోమనే డేకేర్లు అమెరికాలో ఎన్నో ఉన్నాయి. సెలవు పెట్టి వచ్చిన తల్లిదండ్రులకు ‘ఏమీ అక్కరలేదు’ అన్న మాట వైద్యంలా వినిపించదు. చీటీ రాయడానికి ఒక నిమిషం చాలు. ఎందుకు రాయడంలేదో వివరించడానికి పది కావాలి.

ఆగకూడని సందర్భాలు వేరు: నెలలోపు బిడ్డ, కాంటాక్ట్ లెన్సులు వాడేవారు, తీవ్రమైన నొప్పి, వెలుతురు చూడలేకపోవడం, చూపు మసకబారడం, ధారగా చీము. వీరికి అదే రోజు కంటి వైద్యుడి పరీక్ష అవసరం. మిగిలినవారిలో చాలామందికి కావలసినవి చల్లటి తడిగుడ్డ, కృత్రిమ కన్నీటి చుక్కలు, కడుక్కున్న చేతులు, ఎవరి తువ్వాలు వారికే ఉండటం. పడకను, బట్టలను పంచుకోవడం వల్ల కంటిజబ్బు అంటుతుందన్న సుశ్రుతసంహితలోని ఆ కొద్ది మాటలకు ఇంతవరకూ కాలదోషం పట్టలేదు.