నౌకా దిగ్బంధం, పత్తి కరువు: అమెరికా అంతర్యుద్ధం – ఆదోని సీమ

1861–65 అమెరికా అంతర్యుద్ధంలో ఉత్తరాది ప్రభుత్వం దక్షిణాది రేవులను నౌకాదళంతో మూసివేసింది. యుద్ధంలో ఉన్న ప్రత్యర్థిని వర్తకం ఆపి లొంగదీసే ప్రయత్నాల్లో బాగా నమోదైన పాత ఉదాహరణ ఇది. ఇప్పటి అర్థంలో దీన్ని అంతర్జాతీయ ఆంక్ష అనలేం. ఏ ప్రపంచ సంస్థా తీర్మానం చేయలేదు, అలాంటి సంస్థే అప్పటికి లేదు. అయినా పనిచేసిన తీరు మాత్రం అదే: ఉన్న సరుకు అమ్ముకోనివ్వకపోవడం, లేనిది కొనుక్కోనివ్వకపోవడం. దక్షిణాది పత్తి ఆగిపోయాక ఇంగ్లండులోని లంకాషైర్ మిల్లులు బదులు సరుకు కోసం వెతికిన నేలల్లో ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల నల్లరేగడి కూడా ఉంది. అప్పట్లో ఈ ప్రాంతం బళ్లారి జిల్లాలోది. 1800లో నిజాం ఈస్టిండియా కంపెనీకి వదులుకున్న దత్తమండలంలో భాగమైన ఆదోని తాలూకా, 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాకు వచ్చింది.

దక్షిణాది వేసుకున్న లెక్క

1860 నాటికి బ్రిటన్ మిల్లులు వాడే పత్తిలో ఐదింట నాలుగు వంతుల దాకా అమెరికా దక్షిణ రాష్ట్రాల నుంచే వచ్చేది. ఆ పత్తిని బానిసల చేత పండించేవారు. పత్తే రాజు, దానితో యుద్ధానికి దిగే సాహసం ఎవరికీ లేదని సెనేటర్ జేమ్స్ హామండ్ 1858లో సెనేట్‌లోనే ప్రకటించాడు. ఆ ధీమాతోనే యుద్ధం మొదలైన ఏడాది తోటల యజమానులు, వర్తకులు పత్తిని తమంతట తామే రేవులకు పంపకుండా ఆపుకున్నారు. మిల్లులు మూతపడితే ఇంగ్లండు తమ పక్షాన జోక్యం చేసుకుంటుందని వారి ఆశ. 1861 ఏప్రిల్ 19న లింకన్ దిగ్బంధం ప్రకటించే నాటికి ఉత్తరాదికి అంత తీరాన్ని కాపలా కాసే ఓడలు లేవు. అంటే సరుకు బయటికి పంపగలిగిన కాలంలోనే దక్షిణాది దాన్ని గిడ్డంగుల్లో దాచుకుంది. పైగా అంతకు ముందు రెండేళ్ల భారీ పంటల వల్ల లివర్‌పూల్‌లో నిల్వలు నిండుగా ఉన్నాయి. బ్రిటన్‌కు నొప్పి తెలిసేసరికి దిగ్బంధం బిగిసింది. శత్రువు విధించిన ఆంక్ష కంటే సొంతంగా విధించుకున్న ఆంక్షే మొదటి దెబ్బ కొట్టిందనడం సబబు.

దిగ్బంధం కింద బతుకు

దక్షిణాదిలో తిండి గింజలు పండాయి, కానీ వాటిని కదిలించే ఏర్పాటు చితికిపోయింది. అరిగిన రైలు పట్టాల స్థానంలో కొత్తవి తయారుచేసే కర్మాగారాలు చాలినన్ని లేవు. ఉన్నవి ఫిరంగుల తయారీకే సరిపోయాయి. ఉప్పు ఎక్కువగా ఓడల్లో దిగుమతయ్యేది. అది ఆగిపోవడంతో మాంసం నిల్వ చేయడం కష్టమై సైన్యం రేషన్‌కూ, ఇళ్లకూ ఒకేసారి కొరత వచ్చింది. పన్నులు సరిగా వసూలు కాని ప్రభుత్వం ఖర్చులో పెద్ద భాగాన్ని నోట్లు అచ్చువేసి గడుపుకుంది. యుద్ధం ముగిసేసరికి ధరలు మొదటికంటే తొంభై రెట్ల దాకా పెరిగాయి. 1863 ఏప్రిల్ 2న రాజధాని రిచ్‌మండ్‌లో ఆడవాళ్లు రొట్టెల కోసం దుకాణాల మీద పడ్డారు.

అప్పు పుట్టకపోలేదు. 1863 మార్చిలో ఎర్లాంజర్ బ్యాంకు ద్వారా ఐరోపాలో 30 లక్షల పౌండ్ల బాండ్లు అమ్మారు. వాటికి హామీ పత్తే, కానీ ఆ పత్తిని దిగ్బంధం దాటించుకునే పూచీ కొన్నవాడిదే. బహామాస్‌లోని నాసావ్ మీదుగా చీకట్లో తీరం చేరే వేగమైన ఆవిరి ఓడలు చాలాసార్లు తప్పించుకోగలిగాయి. అయితే వేగం కోసం కట్టిన ఓడలో సరుకు పట్టేది తక్కువ. ఉన్న చోటులోనూ కొంత మద్యానికి, పట్టుబట్టలకు పోయేది. ఎందుకంటే లాభం వాటిలోనే ఎక్కువ. 1865 జనవరిలో ఫోర్ట్ ఫిషర్ కోట పడిపోవడంతో, అది కాపాడుతున్న విల్మింగ్టన్ రేవు మూతపడింది. ఏప్రిల్‌లో దక్షిణాది సేనాని జనరల్ లీ లొంగిపోయాడు. ఆ నాలుగేళ్లలో దక్షిణాది తట్టుకోవడం నేర్చుకుందే తప్ప కోలుకోలేదు. దొంగ రవాణా, అప్పు, నోట్ల ముద్రణ కలిసి యుద్ధాన్ని సాగదీయగలిగాయి. అరిగిన రైలును, ఆగిన దిగుమతిని భర్తీ చేయలేకపోయాయి.

పశ్చిమ కర్నూలు పత్తి

1860లో బ్రిటన్ దిగుమతి చేసుకున్న పత్తిలో భారతదేశం వాటా సుమారు 16 శాతం. 1862లో అది 75 శాతానికి చేరింది. బళ్లారి, ఆదోని, కర్నూలు ప్రాంతపు దేశవాళీ పత్తిని వర్తకంలో ‘వెస్టర్న్స్’ అనేవారు. నంద్యాల, కోవెలకుంట్ల వైపు పత్తి ‘నార్తర్న్స్’. వెస్టర్న్స్‌ను కొర్రతో కలిపి సాలు వేయడం ఇక్కడి పాత పద్ధతి. గొర్రుతో విత్తాక గుంటక తోలేవారు. కొర్ర మూడు నెలల్లో కోతకు వచ్చి ఇంటి గింజ అయ్యేది. పత్తి రేగడిలో దాగిన తేమను పట్టుకుని మాఘ, ఫాల్గుణాల దాకా నిలిచేది. వాన తప్పినా రెండింటిలో ఒకటి చేతికొస్తుందన్న భరోసా ఆ సాగులో ఉండేది.

లోపమంతా పింజలో ఉంది. చిటికెడు దూదిని రెండు చేతుల బొటనవేళ్ల మధ్య పట్టి లాగి చూస్తే వెస్టర్న్స్ పోగు పొట్టిగా తెగేది. అమెరికా పత్తి పోగు పొడుగ్గా సాగేది. లంకాషైర్ యంత్రాలను పొడుగు పింజకు అనువుగా బిగించారు. పొట్టి పింజతో నూలు తరచూ తెగిపోయి, కూలి ముక్కకు లెక్కగట్టే కార్మికుడి సంపాదన పడిపోయేది. దానికి తోడు కల్తీ. తూకం పెంచడానికి పత్తిలో గింజ, మట్టి, నీళ్లు కలిపే అలవాటు ధరతో పాటే పెరిగింది. దాన్ని అరికట్టడానికి బొంబాయి ప్రభుత్వం 1863లో పత్తి మోసాల చట్టమే చేసింది.

రవాణా మరో అడ్డంకి. ఆ రోజుల్లో ఆదోనికి రైలు లేదు. తూర్పున మద్రాసు దాకా ఎడ్లబండిలో పోవాలి. పడమర కుమటా, కార్వార్ రేవులకైతే కనుమలు దిగాలి. మద్రాసు నుంచి రాయచూరు మార్గం ఆదోని మీదుగా వచ్చి బొంబాయి మార్గంతో కలిసింది 1871లో. అప్పటికి యుద్ధం ముగిసి ఆరేళ్లు. జిన్నింగ్, ప్రెస్సింగ్ మిల్లులు రైలు వచ్చాకే ఇక్కడ నిలదొక్కుకున్నాయి. గిరాకీ దాటిపోయాక సౌకర్యం వచ్చిందన్నమాట.

ధర పెరుగుదల అందరికీ ఒకేలా మేలు చేయలేదు. కిస్తు నగదులో కట్టాల్సిన రైతుకు పత్తి డబ్బు ఊపిరి పోసింది. ముందే సొమ్మిచ్చి పంట రాయించుకున్న షావుకారుకు అంతకంటే ఎక్కువ మిగిలింది. మగ్గం మీద బతికే ఊళ్లకు ఇదే కాలం శాపమైంది. దూది ఓడలెక్కి పోతుంటే నూలు ధర పెరిగింది. చీర ధర ఆ మేరకు పెరగదు, కొనేవాళ్లూ తిండి గింజల ధరతో సతమతమవుతున్నారు.

1865 తర్వాత

యుద్ధం ఆగిందన్న వార్తతో లివర్‌పూల్ ధర కూలింది. బొంబాయిలో వాటాల జూదం మీద కట్టిన కంపెనీలు ఆ వేసవిలోనే పడిపోయాయి. ప్రేమ్‌చంద్ రాయ్‌చంద్ లాంటి వర్తక ప్రముఖుడు దివాలా తీశాడు. బళ్లారి జిల్లాను 1866లో కరువు తాకింది. పదేళ్లకు, 1876–78 మహాకరువు దత్తమండలాన్ని ఊళ్లకు ఊళ్లుగా ఖాళీ చేసింది. కరువు పనుల కూలికి రోజుకు ఒక పౌండు గింజ చాలని బ్రిటిష్ అధికారి రిచర్డ్ టెంపుల్ వేసిన లెక్క అప్పటిదే. ఆ కరువుకు మూలం వానలు తప్పడం. పత్తి ధర పతనం దాన్ని తీసుకురాలేదు; అయితే అప్పు తీర్చే పంట ధర పడిపోయిన రైతు దాన్ని తక్కువ నిల్వలతో ఎదుర్కొన్నాడు.

అటు అమెరికా పత్తి మాత్రం లేచింది. 1870ల చివరికల్లా దిగుబడి యుద్ధానికి ముందు స్థాయిని దాటింది, లివర్‌పూల్‌లో పాత స్థానం తిరిగి దక్కింది. కొనేవాడికి ఆ పొడుగు పింజే కావాలి. ఆదోని సరుకు గత్యంతరం లేక కొన్నదే. అయినా మార్కెట్ తిరిగొచ్చినంత తేలిగ్గా దక్షిణాది తేరుకోలేదు. బానిసత్వం పోయిన చోట పాలుకు సాగు, దుకాణం అప్పు వచ్చి కూర్చున్నాయి. ఆ రాష్ట్రాల తలసరి ఆదాయం కొన్ని దశాబ్దాల పాటు ఉత్తరాది కంటే బాగా వెనుకే ఉంది. పంట కోలుకోవడం, పండించిన సమాజం కోలుకోవడం వేర్వేరు లెక్కలు. ఆంక్షల మీద రాసేవారు ఈ రెంటినీ తరచూ కలిపేస్తారు.

ఇటీవలి పోలిక

2022 ఫిబ్రవరిలో ఉక్రెయిన్ మీద దాడి తర్వాత రష్యాపై పడిన ఆంక్షల్లో తీరాన్ని ముట్టడించిన ఓడలు లేవు. బ్యాంకులు, బీమా, చెల్లింపుల మార్గాలే అడ్డుగోడలు. సుమారు 300 బిలియన్ డాలర్ల రష్యా విదేశీ నిల్వలు స్తంభించాయి. అయితే దక్షిణాదికి లేని వెసులుబాటు రష్యాకు ఉంది: కొనేవాళ్లు. యుద్ధానికి ముందు భారత్ ముడిచమురు దిగుమతుల్లో రెండు శాతం లోపున్న రష్యా వాటా 2023లో 30 శాతం దాటింది. 2022లో కుదించుకుపోయిన ఆర్థిక వ్యవస్థ 2023లో మూడున్నర శాతానికి పైగా పెరిగింది. ఆ పెరుగుదలలో సైనిక వ్యయం పాలు పెద్దది. 2024 అక్టోబరులో కేంద్ర బ్యాంకు వడ్డీ రేటు 21 శాతానికి చేరిందంటే ధరల ఒత్తిడి ఎంతటిదో తెలుస్తుంది. దీన్ని కోలుకోవడమనాలా, యుద్ధానికే అలవాటుపడటమనాలా అన్నది ఆర్థికవేత్తల మధ్య తెగని వాదన.

ఉక్రెయిన్ యుద్ధం సెగ పశ్చిమ కర్నూలుకు ఈసారి వంటింటి దారిలో వచ్చింది. యుద్ధానికి ముందు దేశం కొన్న పొద్దుతిరుగుడు నూనెలో ఎక్కువ భాగం ఉక్రెయిన్‌ది, తర్వాతి స్థానం రష్యాదిగా ఉండేది. ఒకప్పుడు పొద్దుతిరుగుడు విరివిగా పండించిన జిల్లాలోనే ఆ నూనె ధర చూసి జనం బెంబేలెత్తారు. 2022లోనే పత్తి క్వింటాలు పదివేల రూపాయలు దాటింది. దానికి ప్రధాన కారణం ఆంక్షలు కావు. పంట తగ్గడం, ప్రపంచమంతటా ధర పెరగడం.

ఇప్పుడు ఆదోని మార్కెట్ యార్డుకు వచ్చే పత్తిలో వెస్టర్న్స్ దాదాపు కనిపించదు. అమెరికా జాతి పత్తి నుంచి తయారైన బీటీ సంకరాలే బోరెల్లో దిగుతాయి. కొర్రతో కలిపి వేసే సాగూ చాలా తగ్గింది. 2021లో విధించిన 11 శాతం పత్తి దిగుమతి సుంకాన్ని కేంద్రం 2022లో కొన్ని నెలలపాటు, 2025 ఆగస్టు నుంచి డిసెంబరు దాకా మరోసారి ఎత్తివేసింది. ఈ రెండో ఎత్తివేత అమెరికా భారత వస్తువుల మీద 50 శాతం సుంకాలు వేసిన సమయంలో వచ్చింది. బట్టల మిల్లులకు అది ఊరటనిచ్చింది. యార్డులో కొత్త పంట ధర కోసం ఎదురుచూస్తున్న రైతుకు విదేశీ పత్తి మళ్లీ పోటీకి వచ్చింది.