ముద్రణ చిత్రాల అంతర్జాతీయ మార్పిడి: విధానం, నియమాలు

గుజరాత్‌లోని సూరత్ సమీపాన గల కడోదరా పారిశ్రామిక ప్రాంతంలో అచ్చు అనగానే మిల్లుల నుంచి ఆగకుండా వచ్చే రంగుల వస్త్రమే గుర్తుకొస్తుంది. ముద్రణ చిత్రకళలో అందుకు భిన్నంగా ప్రతుల సంఖ్యకు కళాకారుడే హద్దు విధిస్తాడు. ఈ పరిమితే దేశదేశాల కళాకారుల మధ్య చిత్రాల మార్పిడికి ఆధారమైంది.

చెక్క, లినోలియం, రాయి లేదా లోహపు పలకపై చిత్రాన్ని రూపొందించి, సిరా పూసి కాగితంపై అచ్చు తీస్తారు. ఇలా తీసిన ప్రతి ప్రతీ మూలకృతే. చిత్రం దిగువన పెన్సిల్‌తో '5/22' అని రాస్తే, 22 ప్రతుల్లో అది ఐదవదని అర్థం. కుడివైపున కళాకారుని సంతకం ఉంటుంది.

మార్పిడి లెక్క సులభం. 20 మంది పాల్గొంటే ఒక్కొక్కరు ఒకే చిత్రం 22 ప్రతులను నిర్వాహకునికి పంపుతారు. మొత్తం 440 ప్రతులను సంపుటాలుగా అమర్చి, ప్రతి ఒక్కరికీ 20 వేర్వేరు చిత్రాల సంపుటాన్ని తిరిగి పంపుతారు. మిగిలిన రెండు సంపుటాల్లో ఒకటి ప్రదర్శనకు, మరొకటి భద్రపరచడానికి ఉపయోగపడతాయి.

అమ్మకం, కొనుగోలు లేని ఈ వ్యవహారం పూర్తిగా నమ్మకంపై నడుస్తుంది. ఒక్కరు పంపకపోయినా ప్రతి సంపుటంలోనూ ఒక చిత్రం లోపిస్తుంది. అందుకే కాగితం కొలత, గడువు, తపాలా ఖర్చు ఎవరు భరించాలన్నది ముందే నిర్ణయించాలి. సిరా పూర్తిగా ఆరాక, ప్రతుల మధ్య ఆమ్లరహిత పలుచని కాగితం ఉంచి, తడి తగలకుండా కట్టాలి. కస్టమ్స్ పత్రంలో వాణిజ్యేతర కళాకృతులని, వాటి విలువతో సహా స్పష్టంగా పేర్కొనడం అవసరం.

భారత్‌లో ముంబైకి చెందిన కళాకారుడు రాజేశ్ పుల్లర్వార్ ఆరంభించిన 'ఇంటర్నేషనల్ ప్రింట్ ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్' ఈ కోవలోనిదే. వడోదరలోని 'ఛాప్' ముద్రణశాల కళాకారులకు ఉమ్మడి వసతిగా నిలిచింది.

ఈ కళలో తెలుగువారి పాత్ర గణనీయం. మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో జన్మించిన కె.లక్ష్మాగౌడ్ వడోదరలో శిక్షణ పొంది, ఎచింగ్‌లో తెలంగాణ పల్లెజీవనాన్ని చిత్రించారు. ఆయనకు 2016లో పద్మశ్రీ లభించింది. ధర్మపురికి చెందిన దేవరాజ్ డాకోజి న్యూయార్క్‌లోని రాబర్ట్ బ్లాక్‌బర్న్ ముద్రణశాలలో పనిచేశారు.

సొంత యంత్రం, గ్యాలరీ అండ లేని యువ కళాకారునికి ఈ మార్పిడి ఎంతో మేలు చేస్తుంది. ఒక్క పలకపై పడిన శ్రమకు ప్రతిఫలంగా పలు దేశాల మూలకృతులు అతని చేతికి అందుతాయి. అతని చిత్రం కూడా అన్ని ఇళ్లకు చేరుతుంది.