వెస్టర్లీ సెంటార్

వెస్టర్లీ సెంటార్ బ్రిటన్‌లో తయారైన 26 అడుగుల తెరచాప పడవ. కుటుంబాలు సెలవుల్లో తీరం వెంబడి తిరగడానికి కట్టినది. దీని నమూనాను ఇంగ్లండ్ దక్షిణ తీరంలోని లిమింగ్టన్‌కు చెందిన లారెంట్ జైల్స్ సంస్థ గీసింది. పోర్ట్స్‌మత్‌కు ఉత్తరాన ఉన్న వాటర్లూవిల్‌లో వెస్టర్లీ మెరైన్ కంపెనీ కట్టింది. 1969 నుంచి 1980 దాకా 2,444 సెంటార్లు తయారయ్యాయి. పందేల్లో పేరు తెచ్చుకున్న పడవ కాదు, చూడగానే ముచ్చటపడేంత అందమూ దీనికి లేదు. అయినా ఇన్ని ఎలా అమ్ముడుపోయాయంటే, జవాబు సముద్రంలో కన్నా తీరంలోని బురదలోనూ మధ్యతరగతి ఇంటి ఖర్చుల లెక్కలోనూ దొరుకుతుంది.

బ్రిటన్ తీరంలో ఆటుపోట్ల తేడా చాలా ఎక్కువ. విశాఖపట్నం దగ్గర పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం మారేది రెండు మీటర్ల లోపే. బ్రిస్టల్ ఛానల్‌లో అది 14 మీటర్ల దాకా వెళ్తుంది. అక్కడి చిన్న రేవుల్లో, ఏటి మొగల్లో రోజుకు రెండుసార్లు నీళ్లు పూర్తిగా తీసేస్తాయి. మిగిలేది బురదే. ఎప్పుడూ నీళ్లుండే లోతైన రేవులో పడవ కట్టుకోవాలంటే అద్దె ఎక్కువ, చోటు దొరకడమూ కష్టం. నీళ్లు తీసే రేవులో అద్దె తక్కువ. కానీ మామూలు తెరచాప పడవకు అడుగున నడిమధ్య కీల్ అనే, నీళ్లలోకి దిగే రెక్క లాంటి బరువైన భాగం ఒకే ఒక్కటి లోతుగా ఉంటుంది. నీళ్లు తీయగానే పడవ పక్కకు ఒరిగి పడుకుంటుంది. లోపల స్టవ్వు మీద టీ పెట్టుకోవడానికి గానీ పిల్లల్ని పడుకోబెట్టడానికి గానీ వీలుండదు.

కీళ్లు రెండుంటే ఈ చిక్కు తీరిపోతుంది. అడుగున చెరో పక్కా ఒక పొట్టి కీల్ పెడితే నీళ్లు తీసినా పడవ నిటారుగా నిలబడుతుంది. ఈ ఆలోచన సెంటార్‌తో పుట్టింది కాదు. తర్వాత లార్డ్ రివర్‌డేల్ అయిన రాబర్ట్ బాల్ఫోర్ 1920లలోనే ‘బ్లూబర్డ్’ అనే జంట కీళ్ల పడవ కట్టించి, ఆ తర్వాత దశాబ్దాల పాటు ఆ పద్ధతిని సానపడుతూ వచ్చారు. దాన్ని సామాన్యుల చేతికి అందించిన ఘనత మాత్రం ఎక్కువగా వెస్టర్లీదే.

ఆ కంపెనీ పెట్టిన డెనిస్ రేనర్ కథ ప్రత్యేకంగా చెప్పుకోదగ్గది. 1908లో పుట్టిన రేనర్ బ్రిటిష్ నౌకాదళపు స్వచ్ఛంద రిజర్వ్ అధికారి. రెండో ప్రపంచ యుద్ధంలో అట్లాంటిక్ మీద వాణిజ్య ఓడల గుంపులకు కాపలా కాసే నౌకలను నడిపారు. ఆయన ఆధ్వర్యంలో ఉన్న డిస్ట్రాయర్ ‘వార్విక్’ 1944 ఫిబ్రవరిలో జర్మన్ జలాంతర్గామి దెబ్బకు మునిగిపోయింది, ఆయన బతికి బయటపడ్డారు. యుద్ధం ముగిశాక రచయిత అయ్యారు. 1956లో వచ్చిన ఆయన నవల ‘ది ఎనిమీ బిలో’ను మరుసటి ఏడాదే హాలీవుడ్ సినిమాగా తీసింది. రాబర్ట్ మిచమ్, కుర్ట్ యుర్గెన్స్ నటించిన ఆ సినిమా చూసిన వాళ్లలో ఎంతమందికి దాని మూల రచయిత ఆ తర్వాత నలుగురు పడుకునే చిన్న పడవలు కట్టి అమ్మాడని తెలుసో!

1963లో రేనర్ కంపెనీ వెస్టర్లీ 22 అనే జంట కీళ్ల ఫైబర్‌గ్లాస్ పడవను తెచ్చింది. చెక్క పడవ కట్టాలంటే చేయి తిరిగిన వడ్రంగులు కావాలి, నెలలు పడుతుంది. ఫైబర్‌గ్లాస్ పద్ధతిలో ఒక్కసారి అచ్చు తయారుచేసుకుంటే చాలు. అచ్చు లోపలి గోడకు నునుపు పూత వేసి, దాని మీద గాజునార పరిచి, రెజిన్‌తో తడిపి, ఆరాక ఊడదీస్తే పడవ డొక్క సిద్ధం. మన తీరంలో మత్స్యకారులు ‘ఫైబర్ బోటు’ అని పిలిచేవీ ఇలాగే తయారవుతాయి. ఫ్యాక్టరీ నీటి ఒడ్డునే ఉండాల్సిన పని కూడా లేకపోయింది. వాటర్లూవిల్ రేవు పట్టణం కాదు, అక్కడ కట్టిన పడవలు లారీ మీదే సముద్రానికి చేరేవి.

రేనర్ 1967 జనవరిలో కన్నుమూశారు. అప్పటిదాకా వెస్టర్లీ పడవల మీద ఆయన సొంత గీతల ముద్ర బలంగా ఉండేది. ఆయన తర్వాత కంపెనీ పేరున్న నమూనాకర్తల వైపు చూసి, లారెంట్ జైల్స్ సంస్థకు పని అప్పగించింది. 1936 నాటి ‘వెర్ట్యూ’ తరగతి పడవల నుంచి, ఎరిక్ హిస్కాక్ దంపతులు భూగోళం చుట్టిన ‘వాండరర్ 3’ దాకా పేరెన్నికగన్నవెన్నో గీసిన సంస్థ అది. వ్యవస్థాపకుడు జాక్ లారెంట్ జైల్స్ 1969లోనే మరణించారు. ఆయన ప్రతిభను తలుచుకునే వాళ్లు వెర్ట్యూ పేరు చెబుతారు గానీ సెంటార్ పేరు చెప్పరు. లెక్కలు చూస్తే మాత్రం ఆ సంస్థ పని ఎక్కువ కుటుంబాలను చేరింది సెంటార్ రూపంలోనే.

సెంటార్ పొడవు 7.92 మీటర్లు, వెడల్పు 2.57 మీటర్లు, బరువు మూడు టన్నుల పైచిలుకు. నీటిలో మునిగే లోతు 0.91 మీటరు, అంటే మూడడుగులే. నడుము లోతు నీళ్లున్న చోటికల్లా వెళ్లొచ్చు. కీళ్ల ఆకారాన్ని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయపు నీటి తొట్టిలో పరీక్షించి మరీ తేల్చారు. రెండూ నిట్టనిలువుగా దిగవు, కింది అంచులు బయటికి చాచి ఉంటాయి. గాలికి పడవ ఒరిగినప్పుడు ఒరిగిన వైపు కీల్ నిలువుగా మారి నీటిని బలంగా పట్టుకుంటుంది, పడవ పక్కకు కొట్టుకుపోకుండా ఆపుతుంది. దీనికి మూల్యం వేగం. రెండు కీళ్లంటే నీటితో రాపిడి పెరుగుతుంది. గాలికి ఎదురుగా అటూ ఇటూ మలుపులు తిరుగుతూ పోవాల్సి వచ్చినప్పుడు ఒంటి కీల్ పడవ సెంటార్‌ను దాటేస్తుంది.

ఈ లోటును నమూనాకర్తలు దాచలేదు, ఇంజిన్‌తో పూడ్చారు. చాలా సెంటార్లలో ఉన్నది వోల్వో పెంటా ఎండీ2బీ అనే 25 హార్స్‌పవర్ డీజిల్ ఇంజిన్. ఆ రోజుల్లో అంత చిన్న పడవకు అది పెద్దదే. గాలి పడిపోయినా ఎదురు తిరిగినా ఇంజిన్ వేసుకుని చీకటి పడే లోపు రేవు చేరవచ్చు. సోమవారం ఆఫీసుకు వెళ్లాల్సిన మనిషికి దీని విలువ తెలుసు. తెరచాప అంటే ప్రాణమిచ్చే శుద్ధ సంప్రదాయవాదులు మొహం చిట్లించారు. వాళ్లు ఈ పడవకు కొనుగోలుదారులు కారు.

లోపలి అమరిక ఆరుగురు పడుకునేలా ఉంటుంది. క్యాబిన్ పైకప్పు ఎత్తు కావడంతో ఆరడుగుల మనిషి దాదాపు నిటారుగా నిలబడగలడు. 26 అడుగుల పడవలో అప్పటికి అది గొప్ప సౌకర్యం. ముందు గదిలో వి ఆకారపు పడకలు, దానికీ నడిమి గదికీ మధ్య తలుపున్న టాయిలెట్. ఆ తలుపు చిన్న విషయంలా కనిపిస్తుంది గానీ, పడవ కొనాలా వద్దా అన్నది ఇంటిల్లిపాదీ కలిసి తేల్చే చోట అమ్మకాన్ని ఖాయం చేసేవి ఇలాంటివే. వంటగది, భోజన బల్ల అమరికను మార్చి ఏ, బీ, సీ అని మూడు రకాలుగా అమ్మారు. ఇదే డొక్క మీద ఒంటి కీల్‌తో ‘పెంబ్రోక్’, వెనక వైపు విడి గదితో ‘చీఫ్‌టన్’ అనే రకాలూ వచ్చాయి. అవి సెంటార్‌లో పదో వంతు ఆదరణ కూడా పొందినట్టు కనిపించవు.

లోపాల్లో పెద్దది కీళ్ల దగ్గరే ఉంది. ఇనుప కీళ్లను డొక్క అడుగుకు బోల్టులతో బిగించారు. తొలినాళ్ల పడవల్లో ఆ చోట ఫైబర్ బలం చాల్లేదు. బురదలో దిగబడిన పడవ పోటు వచ్చినప్పుడు అలలకు అటూ ఇటూ ఊగుతూ లేస్తుంది, ఆ మెలిక అంతా కీల్ మొదట్లోనే పడుతుంది. ఏళ్లు గడిచేకొద్దీ అక్కడ పగుళ్లు, బోల్టుల వెంట నీటి ఊట మొదలయ్యాయి. తర్వాతి పడవలకు ఫ్యాక్టరీలోనే అదనపు పొరలు వేశారు. పాతవాటికి యజమానులు లోపలి నుంచి కొత్త పొరలు వేయించుకున్నారు. ఏ గుణం కోసం ఈ పడవను కొన్నారో అదే దాన్ని అరగదీసింది.

రెండో లోపం ప్రమాదకరం కాదు గానీ అంతకన్నా ప్రసిద్ధం. క్యాబిన్ గోడలకూ కప్పుకూ నురుగు వెనకభాగం ఉన్న వినైల్ షీట్ అతికించారు. పాతికేళ్లు వచ్చేసరికి నురుగు పొడైపోయి, షీట్ ఊడి, పడుకున్న వాళ్ల మొహం మీదికి వేలాడుతుంది. పట్టుకుని లాగితే వెనక జిగటగా, నారింజ రంగులో పొడి రాలుతుంది. దాన్ని గీకి తీయడం వారాంతాలు తినేసే పని. ఈ జబ్బుకు బ్రిటిష్ పడవల వాళ్లలో ‘వెస్టర్లీ డ్రూప్’ అన్న పేరే స్థిరపడింది.

1970ల చివరికి కొనేవాళ్ల అభిరుచి మారింది. వేగమూ కావాలి, వెడల్పాటి క్యాబినూ కావాలి. వెస్టర్లీ యువ నమూనాకర్త ఎడ్ డుబోయిస్‌ను పిలిచి 1979లో ‘గ్రిఫన్’ను తెచ్చింది. దాదాపు అదే పొడవున్న ఆ కొత్త పడవ ముందు సెంటార్ పాతబడిపోయింది, 1980లో దాని తయారీ ఆగిపోయింది. కంపెనీ ఆ తర్వాత ఆర్థిక ఇబ్బందుల్లో పడుతూ లేస్తూ 2000లో శాశ్వతంగా మూతపడింది.

కంపెనీ పోయినా పడవలు పోలేదు. గాజునారను ఆ కాలంలో ధారాళంగా వాడడం వల్ల డొక్కలు గట్టిగానే ఉన్నాయి, యజమానుల సంఘం ఇప్పటికీ నడుస్తోంది. బ్రిటన్‌లో కొత్తగా పడవ కొనుక్కునే వాళ్లకు పాత సెంటార్ ఇంకా అందుబాటు ధరలోనే దొరుకుతుంది. అసలు వోల్వో ఇంజిన్ అరిగిపోయి కొత్తది వేయించాల్సి వస్తే ఆ ఖర్చు పడవ ధరతో పోటీ పడుతుంది. అందుకే కొనేవాళ్లు ఇంజిన్ ఎప్పుడు మార్చారని ముందుగా అడుగుతారు. తనిఖీకి వచ్చిన సర్వేయరు మాత్రం నేల పలకలు ఎత్తి, టార్చిలైటు వేసి, కీల్ బోల్టుల చుట్టూ తడి ఉందేమో చూస్తాడు.