పాత ల్యాప్‌టాప్ అమ్మేస్తున్నారా? ఫార్మాట్ కొట్టినా డేటా పోదు.. ముందు ఈ పని చేయండి!

పాత ల్యాప్‌టాప్‌ను ఎక్స్ఛేంజ్‌లో ఇచ్చేస్తున్నారా? ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారా? అయితే ఒక్క నిమిషం ఆగండి. ఫైల్స్ అన్నీ డిలీట్ చేశాం, రీసైకిల్ బిన్ ఖాళీ చేశాం, షాపువాళ్లు ఎలాగూ ఫార్మాట్ కొడతారు.. ఇంకేం భయం లేదనుకుంటారు చాలామంది. అసలు చిక్కంతా అక్కడే ఉంది. ఆ ల్యాప్‌టాప్ ఎవరి చేతికి వెళ్లినా రెకువా, ఫొటోరెక్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో మీ ఆధార్, పాన్ కాపీలు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఇంట్లోవాళ్ల ఫొటోలు బయటకు తీసే అవకాశం ఉంది.

'ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉంటుంది కదా' అంటారేమో. ఆ పాస్‌వర్డ్ మీ పేరులోని మొదటి నాలుగు అక్షరాలు, పుట్టిన సంవత్సరం. ఆ రెండూ అదే ల్యాప్‌టాప్‌లో ఉన్న మీ రెజ్యూమెలో దొరికేస్తాయి!

డిలీట్ చేస్తే ఏమవుతుంది?

ఫైల్ డిలీట్ చేసినప్పుడు కంప్యూటర్ ఆ ఫైల్‌ను తుడిచేయదు. అది ఎక్కడుందో రాసుకున్న పట్టికలో మాత్రం 'ఈ చోటు ఖాళీ, వాడుకోవచ్చు' అని గుర్తు పెట్టుకుంటుంది. ఇంట్లో సామానంతా అలాగే ఉంచి గేటుకు టు-లెట్ బోర్డు తగిలించినట్టన్నమాట. కొత్త ఫైల్ వచ్చి ఆ చోట కూర్చునేదాకా పాతది అక్కడే ఉంటుంది. క్విక్ ఫార్మాట్ చేసేదీ ఇదే, కాకపోతే డ్రైవ్ మొత్తానికి ఒకేసారి. విండోస్ విస్టా నుంచి ఫుల్ ఫార్మాట్ పెడితే డిస్క్ అంతా సున్నాలు రాస్తోంది. కానీ డీఫాల్ట్‌గా టిక్ ఉండేది క్విక్ ఫార్మాట్‌కే. షాపుల్లో టైమ్ కలిసొస్తుందని ఎక్కువగా కొట్టేదీ అదే.

ఇది ఊరికే భయపెట్టడానికి చెప్తున్న మాట కాదు. అమెరికాలోని ఎంఐటీకి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ 2000-2002 మధ్య 158 సెకండ్ హ్యాండ్ హార్డ్ డిస్క్‌లు కొని చూశారు. పనిచేసినవి 129. వాటిలో సరిగ్గా తుడిచినవి 12 మాత్రమే! మిగతావాటిలో 5 వేలకు పైగా క్రెడిట్ కార్డు నంబర్లు కనిపించాయి. ఒక డిస్క్ అయితే ఏటీఎం మెషిన్‌లోంచి వచ్చిందే.

పాతకాలం సంగతి అనుకోవద్దు. పెద్ద బ్యాంకింగ్ సంస్థ మోర్గాన్ స్టాన్లీకి 2022 సెప్టెంబర్‌లో అమెరికా మార్కెట్ల నియంత్రణ సంస్థ ఎస్‌ఈసీ 3.5 కోట్ల డాలర్ల జరిమానా వేసింది. డేటా తుడిచే పనిలో అనుభవం లేని ఒక ప్యాకర్స్-మూవర్స్ తరహా కంపెనీకి పాత పరికరాలు అప్పగించడం, వాటిలో కొన్ని కస్టమర్ల వివరాలతో సహా ఆన్‌లైన్ వేలంలో తేలడం అందుకు కారణం. దాదాపు 1.5 కోట్ల మంది కస్టమర్ల సమాచారాన్ని కాపాడలేదన్నది ఎస్‌ఈసీ అభియోగం.

మీది హార్డ్ డిస్కా? ఎస్‌ఎస్‌డీనా?

ముందు ఇది తెలుసుకోవాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కీలు ఒకేసారి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'పెర్ఫార్మెన్స్'లోకి వెళ్లి డిస్క్ మీద నొక్కితే హెచ్‌డీడీనో, ఎస్‌ఎస్‌డీనో అక్కడే రాసి ఉంటుంది.

హార్డ్ డిస్క్ అయితే పని తేలిక. మొత్తం డిస్క్ మీద ఒక్కసారి సున్నాలు రాస్తే చాలు. 35 సార్లు తుడవాలని ఇప్పటికీ కొందరు చెప్తుంటారు. అది 1996లో పీటర్ గట్‌మన్ రాసిన పేపర్ నుంచి పుట్టిన మాట. నేటి డిస్క్‌లకు అది అవసరం లేదని తర్వాత ఆయనే చెప్పారు.

ఎస్‌ఎస్‌డీతోనే తిరకాసు. చిప్‌లు త్వరగా అరిగిపోకుండా అది డేటాను చోటు మార్చి మార్చి రాస్తుంది. పైగా విండోస్‌కు కనిపించని కొంత స్థలం తన దగ్గర అట్టిపెట్టుకుంటుంది. అందుకే మీరు పైన ఎంత తుడిచినా పాత కాపీ ఎక్కడో ఒక మూల మిగిలిపోవచ్చు. 'ట్రిమ్' అనే సదుపాయం వల్ల డిలీట్ చేసినవి చాలాసార్లు తిరిగి రావు, నిజమే. కానీ కొన్ని యూఎస్‌బీ కేసుల్లో పెట్టిన డ్రైవ్‌లకు ఆ ట్రిమ్ ఆదేశమే చేరదు. దాన్ని నమ్ముకోవడం మంచిది కాదు.

ఎస్‌ఎస్‌డీకి సరైన మందు ఎన్‌క్రిప్షన్. అంటే ముందు డ్రైవ్ మొత్తానికి తాళం వేసి, ఆ తర్వాత తాళంచెవిని చెరిపేయడం. మూలన పాత ముక్కలు మిగిలినా ఎవరికీ అర్థం కావు. విండోస్ ప్రోలో దీనికి బిట్‌లాకర్ ఉంది. ఆన్ చేసేటప్పుడు రెండు ఆప్షన్లు వస్తాయి. 'యూజ్డ్ స్పేస్ ఓన్లీ' కాకుండా 'ఎంటైర్ డ్రైవ్' ఎంచుకోండి, లేదంటే ఇదివరకు డిలీట్ చేసిన ఫైల్స్‌కు తాళం పడదు. విండోస్ హోమ్ వాడేవాళ్లు సెట్టింగ్స్‌లో 'డివైస్ ఎన్‌క్రిప్షన్' ఉందేమో చూడాలి. కొన్నప్పటి నుంచి అది ఆన్‌లో ఉంటే సగం పని అయిపోయినట్టే. కొన్ని ల్యాప్‌టాప్‌ల బయోస్ మెనూలో 'సెక్యూర్ ఎరేజ్' కూడా ఉంటుంది. ఉంటే అంతకంటే మంచిది లేదు.

అసలు స్టెప్పులు ఇవే

కావాల్సినవి వేరే డ్రైవ్‌లోకి కాపీ చేసుకుని, అవి తెరుచుకుంటున్నాయో లేదో చూసుకోండి. ఛార్జర్ పెట్టే ఉంచండి. విండోస్ 11లో సెట్టింగ్స్, సిస్టమ్, రికవరీలోకి వెళ్లి 'రీసెట్ దిస్ పీసీ' నొక్కాలి. విండోస్ 10లో అయితే 'అప్‌డేట్ అండ్ సెక్యూరిటీ' కింద ఉంటుంది. 'రిమూవ్ ఎవ్రీథింగ్' ఎంచుకోండి. ఇక్కడే చాలామంది వరుసగా నెక్స్ట్, నెక్స్ట్ కొట్టేస్తారు. అలా కాకుండా 'చేంజ్ సెట్టింగ్స్'లోకి వెళ్లి 'క్లీన్ డేటా' ఆన్ చేయాలి. లేకపోతే ఫైల్స్ పైపైనే పోతాయి.

అక్కడే 'అన్ని డ్రైవ్‌ల నుంచి ఫైల్స్ తొలగించాలా' అనే ప్రశ్న కూడా ఉంటుంది. దానికి 'యెస్' పెట్టకపోతే విండోస్ ఉన్న సీ డ్రైవ్ ఒక్కటే శుభ్రమవుతుంది. మనవాళ్లలో ఎక్కువ మంది పెళ్లి ఫొటోలు, సర్టిఫికెట్లు, పొలం కాగితాల స్కాన్లు దాచుకునేది డీ, ఈ డ్రైవ్‌ల్లోనే కదా! సీ డ్రైవ్‌ను అద్దంలా తుడిచి, డీ డ్రైవ్‌ను ఉన్నదున్నట్టు అప్పగించడం అన్నిటికంటే ఎక్కువగా జరిగే పొరపాటు.

హార్డ్ డిస్క్‌కు ఇది గంటల తరబడి పట్టొచ్చు. రాత్రి పెట్టి పడుకోండి. పూర్తయ్యాక భాష, దేశం అడిగే స్క్రీన్ వస్తుంది. అక్కడ మీ వివరాలేమీ ఇవ్వకుండా ఆఫ్ చేసి అప్పగించేయండి.

మ్యాక్ వాడేవాళ్లకు ఇంత తిప్పలు లేదు. యాపిల్ సొంత చిప్ లేదా టీ2 చిప్ ఉండి, మ్యాక్ ఓఎస్ మాంటెరీ లేదా ఆ తర్వాతి వెర్షన్ ఉంటే 'ఎరేజ్ ఆల్ కంటెంట్ అండ్ సెట్టింగ్స్' ఒక్కటి చాలు. ఐక్లౌడ్ నుంచి కూడా సైనౌట్ అవుతుంది.

ఫోన్‌లో వాట్సాప్ 'లింక్డ్ డివైసెస్' తెరిచి ఆ ల్యాప్‌టాప్‌ను లాగౌట్ చేయండి. గూగుల్, మైక్రోసాఫ్ట్ అకౌంట్ల డివైస్ లిస్టుల్లోంచి కూడా తీసేయాలి. ఆఫీసు ఇచ్చిన ల్యాప్‌టాప్ జోలికి మాత్రం వెళ్లొద్దు, అది మీ ఐటీ విభాగం పని.

ల్యాప్‌టాప్ అసలు ఆన్ కాకపోతే?

ఆన్ కానంత మాత్రాన డేటా పోయినట్టు కాదు. మదర్‌బోర్డు చచ్చిపోయినా డ్రైవ్ బతికే ఉండొచ్చు, దాన్ని తీసి ఇంకో కంప్యూటర్‌కు తగిలిస్తే అన్నీ కనిపిస్తాయి. కాబట్టి మెకానిక్‌తో మీ కళ్లెదుటే డ్రైవ్ తీయించుకుని, మిగతా ల్యాప్‌టాప్ అమ్ముకోండి. ధర కాస్త తగ్గుతుంది, అంతే. కొన్ని మోడళ్లలో స్టోరేజ్ బోర్డుకే అతికించి ఉంటుంది. అలాంటిది ఎన్‌క్రిప్ట్ అయి లేకపోతే బోర్డుతో సహా మీ దగ్గరే ఉంచుకోవడం మేలు. తీసిన డ్రైవ్ పనిచేస్తే యూఎస్‌బీ కేస్ కొని బ్యాకప్‌కు వాడుకోవచ్చు. పనిచేయకపోతే హార్డ్ డిస్క్ లోపలి పళ్లేలను పగలగొట్టించాలి. ఎస్‌ఎస్‌డీ అయితే ప్రతి నల్ల చిప్‌నూ విడివిడిగా పగలగొట్టాలి, బోర్డు రెండు ముక్కలైతే సరిపోదు. కాల్చడం మాత్రం వద్దు, విషవాయువులు వస్తాయి. ఆ ముక్కలను గుర్తింపు ఉన్న ఈ-వేస్ట్ సేకరణ కేంద్రంలో ఇవ్వొచ్చు.